ఎల్క్ వేటకి మొదటి రైఫిల్: .300 మాగ్నమ్ కొనాలా, .308 సరిపోతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అరోరాలో ఉంటున్నారు. హంటర్ ఎడ్యుకేషన్ పూర్తయింది. అక్టోబర్ ఆఖర్లో మొదలయ్యే కొలరాడో రెండో రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) ట్యాగ్, అంటే దాన్ని వేటాడే అనుమతి, వచ్చింది. ముందు ముందు మ్యూల్ డీర్‌కి కూడా అదే రైఫిల్ వాడాలని ఉంది. ఆఫీసులో కొలీగ్ ".300 విన్‌చెస్టర్ మాగ్నమ్ కన్నా తక్కువైతే ఎల్క్ పడదు" అంటున్నారు, షాపులో మాత్రం 6.5 క్రీడ్‌మూర్ చాలన్నారు (ఇవన్నీ తూటా రకాల పేర్లు). మీ బరువు 63 కిలోలు. ఇంతవరకు రేంజిలో ఒక స్నేహితుడి తుపాకీ కొన్నిసార్లు పేల్చారంతే. స్కోపుతో కలిపి బడ్జెట్ 1,500 డాలర్లు. హెచ్-1బి మీద ఉన్నారు.

నా జవాబు: .308 విన్‌చెస్టర్ కొనండి. అందులో 165 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) గట్టి రకం బుల్లెట్ వాడండి. ఈ మొదటి సీజన్‌లో 250 గజాలు దాటి కాల్చకండి. షాపులో .308 కన్నా మంచి ధరకి .30-06 దొరికితే అదీ నిక్షేపంగా కొనొచ్చు. .300 మాగ్నమ్ మాత్రం మొదటి రైఫిల్‌గా వద్దు. అది చెడ్డదని కాదు. మీ శరీరానికి, మీ అనుభవానికి, మీ చేతిలో ఉన్న సమయానికి అది సరిపడదు.

నేను కొలరాడోలో చాలా ఏళ్లుగా ఎల్క్ వేటకి వెళ్తున్నాను, రేంజిలో కొత్తగా వచ్చేవాళ్లకి నేర్పిస్తుంటాను. ఈ మధ్య మనవాళ్లు కూడా బాగానే వస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది క్యాలిబర్ (గొట్టం వెడల్పు, దానికి తగ్గ తూటా రకం) గురించే. కానీ జంతువు త్వరగా, బాధ లేకుండా చనిపోతుందా లేదా అన్నది తేల్చేవాటిలో క్యాలిబర్ మూడోది. మొదటిది బుల్లెట్ తగిలిన చోటు. రెండోది ఆ బుల్లెట్ తయారీ.

ఎందుకో చెప్తాను. "పెద్ద తూటా తగిలితే జంతువు ఎగిరి పడుతుంది" అనే నమ్మకం చాలామందిలో ఉంది. భౌతికశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. బుల్లెట్ ముందుకు ఎంత ద్రవ్యవేగంతో వెళ్తుందో, రైఫిల్ మీ భుజం మీదికి కనీసం అంతే ద్రవ్యవేగంతో వస్తుంది. ఆ తోపుకి 63 కిలోల మీరు కింద పడనప్పుడు, 225 కిలోల ఆడ ఎల్క్ ఎలా పడుతుంది? మగదైతే 300 కిలోల పైమాటే. జంతువు చనిపోయేది రెండు ఊపిరితిత్తులూ చిల్లులు పడి, రక్తపోటు పడిపోయి, మెదడుకి ప్రాణవాయువు అందక. అందుకు కావలసింది ఊపిరితిత్తుల గుండా అటు నుంచి ఇటు దాకా వెడల్పాటి దారి చేయగల బుల్లెట్. ఆ పని .308 చేస్తుంది, .270 చేస్తుంది, 7ఎంఎం-08 చేస్తుంది, సరైన దూరంలో 6.5 క్రీడ్‌మూర్ కూడా చేస్తుంది.

ఇప్పుడు అంకెలు చూద్దాం. కంపెనీలు డబ్బా మీద ఇచ్చే లెక్కల ప్రకారం .308లో 165 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి సుమారు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. శక్తి దాదాపు 2,670 ఫుట్ పౌండ్లు. .30-06లో 180 గ్రెయిన్లది అదే వేగంతో, సుమారు 2,900 ఫుట్ పౌండ్లతో వెళ్తుంది. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో అదే 180 గ్రెయిన్లది 2,960 అడుగుల వేగంతో, 3,500 ఫుట్ పౌండ్లతో వెళ్తుంది. 6.5 క్రీడ్‌మూర్‌లో 143 గ్రెయిన్లది 2,700 అడుగుల వేగంతో 2,300 ఫుట్ పౌండ్ల పైచిలుకు. (ఒక గ్రెయిన్ అంటే 0.065 గ్రాములు. 165 గ్రెయిన్లంటే పదిన్నర గ్రాములకి కొంచెం ఎక్కువ.)

కాగితం మీద మాగ్నమ్ చాలా ముందున్నట్టు కనిపిస్తుంది. కానీ రెంటినీ 200 గజాలకి గురి సరిచేస్తే, 300 గజాల దగ్గర .308 బుల్లెట్ ఎనిమిదిన్నర అంగుళాల వరకు కిందికి దిగుతుంది, .300 మాగ్నమ్ బుల్లెట్ సుమారు ఏడంగుళాలు దిగుతుంది. తేడా అంగుళంన్నర. ఎల్క్ ఊపిరితిత్తులు ఆక్రమించే చోటు ఒక అడుగుకి పైనే ఉంటుంది. అంటే మీరు కాల్చదగిన దూరాల్లో ఆ అదనపు 800 ఫుట్ పౌండ్లు మీ కోసం చేసే పని చాలా తక్కువ. తేడా నిజంగా పెరిగేది 400 గజాలు దాటాక. ఆ దూరంలో మొదటి సీజన్ వేటగాడు జీవం ఉన్న జంతువు మీద కాల్చకూడదని నా గట్టి అభిప్రాయం. గాలి పక్కకి ఎంత నెడుతుందో చదవడం అలవాటు కావడానికే ఏళ్లు పడుతుంది.

మాగ్నమ్‌కి మీరు చెల్లించేది భుజంతో. మూడున్నర కిలోల పైబడిన రైఫిల్‌లో .308 తన్ను (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి కొట్టే దెబ్బ) సుమారు 17 ఫుట్ పౌండ్లు, .30-06ది 20 దాకా, .300 మాగ్నమ్‌ది 26 దాటుతుంది. కొండలెక్కడానికి వీలుగా తేలికపాటి రైఫిల్ కొంటే ఇవన్నీ ఇంకా పెరుగుతాయి. తన్నంటే నొప్పి మాత్రమే కాదు. నొప్పి వస్తుందని శరీరానికి తెలిసిపోతే, ట్రిగ్గర్ కదిలే క్షణంలో అది తనంతట తాను బిగుసుకుంటుంది. రేంజిలో దీన్ని ఫ్లించ్ అంటారు. మీకు ఫ్లించ్ ఉందని మీకే తెలియదు, ఎందుకంటే ఆ క్షణంలో పేలుడు, కుదుపు అన్నిటినీ కప్పేస్తాయి.

దాన్ని బయటపెట్టే పద్ధతి చాలా తేలిక. మందు లేని డమ్మీ తూటా ఒకటి, నిజం తూటాలు కొన్ని తీసుకుని, ఏది ఏ వరుసలో ఉందో కాల్చేవాళ్లకి తెలియకుండా పక్కవాళ్లు మ్యాగజిన్‌లో పెట్టాలి. కిందటేడు ఒకాయన కొత్త .300 మాగ్నమ్ తెచ్చి "100 గజాల్లో కూడా తూటాలు ఒకే చోట పడటం లేదు, స్కోపు పాడైనట్టుంది" అన్నారు. నేను మూడో తూటా డమ్మీ పెట్టాను. మొదటి రెండూ పేలాయి. మూడోదానికి క్లిక్‌మని చప్పుడు మాత్రమే వచ్చింది. తుపాకీ పేలలేదు. అయినా బ్యారెల్ కొస రెండు వేళ్ల మందాన కిందికి దిగింది, ఆయన కళ్లు రెండూ గట్టిగా మూసుకుపోయాయి, ఎడమ చెయ్యి సంచీ మీది రైఫిల్‌ని వెనక్కి లాగేసింది. స్కోపుకి ఏమీ కాలేదు. అదే స్కోపు తీసి .308కి బిగించి, నెల రోజులు నెమ్మదిగా సాధన చేశాక, ఆయనే కూర్చున్న భంగిమలో 200 గజాల దగ్గర పేపర్ ప్లేటు లోపల వరసగా కొట్టడం మొదలుపెట్టారు. ఆ సీజన్‌లోనే ఎల్క్ తెచ్చుకున్నారు. మీకు తన్ను ఎంత పడుతుందో ముందే చెప్పలేం. కానీ బరువు తక్కువున్న మనిషి, అలవాటు లేని భుజం, సీజన్‌కి కొద్ది నెలలే సమయం, ఈ మూడూ కలిసినప్పుడు మాగ్నమ్‌తో రిస్క్ ఎక్కువ.

"మజిల్ బ్రేక్ పెట్టిస్తే తన్ను తగ్గుతుంది కదా?" అని మీ కొలీగ్ అనొచ్చు. మజిల్ బ్రేక్ అంటే పేలుడు వాయువుల్ని పక్కలకి మళ్లించేలా బ్యారెల్ కొసకి బిగించే ముక్క. దాంతో తన్ను తగ్గుతుంది, బాగానే తగ్గుతుంది. కానీ పేలుడు చప్పుడు పక్కలకి, వెనక్కి తిరుగుతుంది. రేంజిలో చెవులకి రక్షణ ఉంటుంది. కొండ మీద ఎల్క్ కనిపించిన ఆ హడావుడిలో చాలామంది ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోరు. ఒక్క తూటాతోనే చెవుల్లో శాశ్వతంగా హోరు మిగిలిపోయినవాళ్లు నాకు తెలుసు. మొదటి రైఫిల్‌కి బ్రేక్ అవసరం పడుతోందంటే ఆ క్యాలిబరే ఎక్కువైనట్టు.

ఇక షాపువాళ్లు చెప్పిన 6.5 క్రీడ్‌మూర్ సంగతి. వాళ్లు చెప్పింది తప్పు కాదు. హార్నడీ కంపెనీ దీన్ని 2007లో పోటీ షూటింగ్ కోసం తెచ్చింది, తన్ను తక్కువ, కచ్చితత్వం ఎక్కువ. సన్నగా పొడవుగా ఉండే బుల్లెట్ కాబట్టి లోతుకి బాగా చొచ్చుకుపోతుంది. దీనికి దగ్గరి బంధువైన పాత 6.5×55తో స్వీడన్‌లో వందేళ్లకి పైగా మూస్‌ని వేటాడుతున్నారు. మూస్ అంటే ఎల్క్ కన్నా పెద్దది. మన దేశం మాటకొస్తే, జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతని చంపిన .275 రిగ్బీ కూడా 7 మిల్లీమీటర్ల చిన్న గొట్టమే. ఆ తూటానే జర్మన్లు 7×57 మౌజర్ అంటారు. ఇదే తూటాతో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే వేటగాడు ఆఫ్రికాలో ఏనుగుల్నే కొట్టాడు, గట్టి బుల్లెట్‌ని మెదడు మీద కచ్చితంగా పెట్టి. అతనిలా చేయమని ఎవరికీ చెప్పను. చిన్న క్యాలిబర్‌కి శక్తి ఉందా లేదా అన్న వాదన ఎప్పుడో తేలిపోయిందని చెప్పడానికే ఇదంతా.

మరి నేను 6.5 కాకుండా .308 ఎందుకంటున్నాను? ఎల్క్ ఎప్పుడూ పుస్తకంలో బొమ్మలా అడ్డంగా నిలబడదు. కాస్త ఏటవాలుగా, ముందుకాలి ఎముక అడ్డం వచ్చేలా నిలబడుతుంది. అలాంటప్పుడు ఎక్కువ బరువున్న, ఎక్కువ వెడల్పున్న బుల్లెట్ కొంచెం అదనపు భరోసా ఇస్తుంది. రంధ్రం పెద్దదైతే రక్తపు జాడ కూడా బాగా పడుతుంది. సాయంత్రం చీకటి పడే వేళ స్ప్రూస్ అడవిలో ఆ జాడే మీకు దారి. .308కి, 6.5కి తన్నులో తేడా నాలుగైదు ఫుట్ పౌండ్లు. మీ బరువున్న మనిషి దానికి అలవాటు పడగలరు. కొనేముందు, వేట లైసెన్సు చేతిలో ఉన్నాకే (ఎందుకో కింద చెప్తాను), ఎవరిదైనా .308 తీసుకుని రేంజిలో కనీసం ఒక డబ్బా కాల్చి చూడండి. డమ్మీ పరీక్షలో బ్యారెల్ దిగుతుంటే, ఏ మొహమాటం లేకుండా 6.5 క్రీడ్‌మూర్‌కో 7ఎంఎం-08కో వెళ్లండి. మా బృందంలో గుంటూరు వైపు ఆవిడ ఒకరున్నారు, సన్నటి మనిషి, ఆవిడది 7ఎంఎం-08. 190 గజాల్లో ఆడ ఎల్క్‌ని కాల్చినప్పుడు నేను పక్కనే బైనాక్యులర్‌తో చూస్తున్నాను. తగలగానే అది ఒక్కసారి ఒళ్లు ముడుచుకుంది, నలభై అడుగులు నడిచింది, నిలబడింది, వెనక కాళ్ల మీద కూలింది. కోసి చూస్తే బుల్లెట్ రెండు ఊపిరితిత్తులూ దాటి అవతలి పక్కకి వెళ్లిపోయింది. మాగ్నమ్ అయినా ఇంతకన్నా చేసేదేమీ లేదు.

.270 విన్‌చెస్టర్ గురించి కూడా ఒక మాట. 1925 నుంచి ఉన్న తూటా. 130 గ్రెయిన్లది 3,060 అడుగుల వేగంతో చాలా చదునుగా వెళ్తుంది, మ్యూల్ డీర్‌కి దీన్ని మించింది లేదు. ఎల్క్‌కి కూడా మంచిదే, కాకపోతే బుల్లెట్ ఎంపికలో జాగ్రత్త ఎక్కువ కావాలి. .243 విన్‌చెస్టర్ కొలరాడోలో చట్టబద్ధమే అయినా ఎల్క్‌కి వద్దు. అనుభవం ఉన్నవాళ్లు ఓపిగ్గా సరైన కోణం కోసం ఆగి దాన్ని వాడతారు. కొత్తవాళ్లకి అంత వెసులుబాటు ఉండదు. మీ దగ్గర .223 ఏఆర్-15 ఉన్నా దాన్ని తీసుకెళ్లే ప్రసక్తే లేదు. ఇక్కడ పెద్ద జంతువులకి .24 కన్నా చిన్న గొట్టం పనికిరాదు. ఎల్క్‌కి కనీసం 85 గ్రెయిన్ల, తగిలాక విచ్చుకునే రకం బుల్లెట్ ఉండాలి, 100 గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్ పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఇవి రాష్ట్ర నిబంధనలు. చాలామంది వేటగాళ్లు ఎల్క్‌కి తగిలే చోట 1,500 ఉండాలని లెక్క వేసుకుంటారు. అది చట్టం కాదు, వాడుక. .308 165 గ్రెయిన్లది 300 గజాల దగ్గర కూడా ఆ లెక్క దాటుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, బుల్లెట్. మీరు క్యాలిబర్ మీద పెట్టిన ఆలోచనలో సగం దీని మీద పెట్టినా మేలు. మామూలు జింక తూటాల్లో సీసం ముద్ద మీద పల్చటి రాగి తొడుగు ఉంటుంది. అది త్వరగా విచ్చుకుంటుంది, 60 కిలోల వైట్‌టెయిల్ జింకకి అదే కావాలి. ఎల్క్ ముందుకాలి కీలు మీద పడితే అదే బుల్లెట్ లోపలికి వెళ్లకముందే చితికిపోవచ్చు. ఒకసారి వేరే బృందంవాళ్ల ఎల్క్ కోయడానికి సాయం వెళ్లాను. .270తో 60 గజాల నుంచే, అతి వేగంగా ఉన్న తేలిక బుల్లెట్ కాల్చారు. భుజం చర్మం ఎత్తి చూస్తే లోపల కొబ్బరి చిప్పంత వెడల్పున మాంసం నల్లగా నుజ్జయి ఉంది. రాగి తొడుగు చిరిగి ఎముక పక్కనే ఇరుక్కుని ఉంది. లోపలికి వెళ్లింది సీసపు తునకలు మాత్రమే, అవి కూడా ఇవతలి ఊపిరితిత్తిలో ఆగిపోయాయి. ఆ జంతువుని వెతికి పట్టుకుని రెండో తూటా వేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. క్యాలిబర్ తక్కువై కాదు, ఎల్క్ కోసం చేయని బుల్లెట్ వాడినందువల్ల.

ఈ సమస్య కొత్తది కాదు. జాన్ నోస్లర్ అనే వేటగాడికి 1946లో బ్రిటిష్ కొలంబియాలో మూస్ మీద ఇదే ఎదురైంది, అదీ .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో. బుల్లెట్లు పైపైనే చితికిపోయాయి. ఆ తర్వాత ఆయన బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టి, ముందు సగం విచ్చుకుని వెనక సగం అలాగే ముందుకు దూసుకెళ్లేలా చేశాడు. అదే నోస్లర్ పార్టిషన్. ఇప్పటికీ ఎల్క్‌కి నేను నిశ్చింతగా చెప్పే బుల్లెట్లలో అదొకటి. సీసాన్ని తొడుగుకి అతికించే బాండెడ్ రకాల్లో నోస్లర్ ఆక్యుబాండ్, ఫెడరల్ ట్రోఫీ బాండెడ్ బాగుంటాయి. పూర్తిగా రాగితో చేసే బార్న్స్ టీఎస్‌ఎక్స్ లాంటివి తేలిగ్గా ఉన్నా చితకవు. .308లో వాటిని 150 గ్రెయిన్లలో తీసుకోవచ్చు. రాగి బుల్లెట్‌కి విచ్చుకోవడానికి కాస్త వేగం కావాలి, కాబట్టి దూరాలకి కాదు, మీ 250 గజాల లోపుకి చక్కగా సరిపోతుంది.

రాగికి ఇంకో లాభం ఉంది. సీసపు బుల్లెట్ తునకలు గాయానికి చాలా దూరం దాకా కనిపించకుండా మాంసంలో కలుస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలకి ఆ మాంసం పెట్టేవాళ్లు రాగికి మారడం మంచిది, నేను మారాను. కొలరాడోలో సీసం మీద నిషేధం లేదు. కాలిఫోర్నియాలో మాత్రం 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. బే ఏరియా నుంచి ఇది చదివేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

గురి ఎక్కడ పెట్టాలంటే, జంతువు అడ్డంగా ఉన్నప్పుడు ముందుకాలి వెనక అంచు నుంచి నిలువుగా పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. భుజం ఎముక మీద కొట్టమని కొందరు చెప్తారు, అక్కడికక్కడే పడుతుందని. పడుతుంది, నిజమే. కానీ రెండు భుజాల మాంసం పాడవుతుంది. ఎల్క్ మాంసంలో కొవ్వు ఉండదు, ఆ ముందుకాలి ముక్కలు నెమ్మదిగా ఉడికించే కూరకి ఎంత బాగుంటాయో ఒక్కసారి వండితే తెలుస్తుంది. ఆడ ఎల్క్ నుంచి ఎముక తీసేశాక 60, 70 కిలోల మాంసం వస్తుంది. దాంట్లో మంచి భాగం పారేయడం నాకు మనసొప్పదు. కాల్చాక అది నిలబడే ఉంటే వెంటనే మళ్లీ బోల్ట్ లాగి ఇంకోటి వేయండి. "తగిలింది కదా" అని తల ఎత్తి చూడొద్దు. పరిగెత్తి కనుమరుగైతే కనీసం అరగంట కదలకండి. గులాబీ రంగు నురుగు రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులకి తగిలినట్టు, దగ్గర్లోనే ఉంటుంది. పచ్చగా, వాసనతో ఉంటే పొట్టకి తగిలినట్టు. అప్పుడు గంటల తరబడి ఆగాలి, తొందరపడి తరిమితే కొండ దాటిపోతుంది.

బడ్జెట్ విషయం. 1,500లో రైఫిల్ మీద సగానికి కొంచెం ఎక్కువ పెట్టండి. టిక్కా టీ3ఎక్స్ మంచి ఎంపిక, ఇంకా తక్కువలో కావాలంటే రూగర్ అమెరికన్, సావేజ్ 110 కూడా గురిలో ఏమాత్రం తీసిపోవు. 3-9×40 స్కోపు (3 నుంచి 9 రెట్లు పెద్దదిగా చూపించేది) చాలు, పేరున్న కంపెనీది. మరీ పెద్ద స్కోపు బరువు తప్ప మీకు ఉపయోగం లేదు. అడవిలో నడిచేటప్పుడు దాన్ని 3 మీదే ఉంచండి, ఎల్క్ దగ్గర్లోనే లేచినప్పుడు 9 మీద ఉంటే అద్దంలో గోధుమరంగు బొచ్చు తప్ప ఏమీ కనిపించదు. మిగిలిన డబ్బు తూటాలకి. .308 కొనమనడానికి ఇదీ ఒక కారణం. రేంజి సాధనకి చవక రకాలు ఎక్కడైనా దొరుకుతాయి, మాగ్నమ్ తూటాలు ఖరీదు కాబట్టి జనం తక్కువ సాధన చేస్తారు.

మీరు వేటకి తీసుకెళ్లే తూటాతోనే చివరి గురి సరిచేసుకోండి. 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి పడేలా పెడితే 200 గజాల దగ్గర దాదాపు సరిగ్గా పడుతుంది. బల్ల మీద సంచీ పెట్టి కాల్చేది గురి సరిచేయడానికి మాత్రమే. ఆ తర్వాత బల్ల వదిలేయండి. నేల మీద కూర్చుని, మోకాలి మీద, బ్యాక్‌ప్యాక్ మీద ఆనించి, ట్రెక్కింగ్ కర్రల మీద ఆనించి కాల్చండి. కొంచెం దూరం పరిగెత్తి వచ్చి రొప్పుతూ కాల్చండి. ఎల్క్ ఉండేది 9,000, 10,000 అడుగుల ఎత్తులో, అక్కడ మీ ఊపిరి అలాగే ఉంటుంది. అలా కూర్చుని పేపర్ ప్లేటులో ఐదుకి ఐదు ఎంత దూరం నుంచి కొట్టగలరో అదే మీ గరిష్ఠ దూరం. అది 150 గజాలే అయితే 150కే కట్టుబడండి. నేను చెప్పిన 250 పైహద్దు మాత్రమే.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పాల్సింది, వీసా సంగతి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. సొంతది కానక్కర్లేదు, రేంజిలో అద్దెకి తీసుకున్నా, స్నేహితుడిది చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. మినహాయింపుల్లో మనకి వర్తించేది ఒకటుంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న వేట లైసెన్సు మీ దగ్గర ఉండాలి. షాపులో 4473 ఫారం నింపేటప్పుడు ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు) నంబరుతో పాటు ఆ లైసెన్సు చూపించాలి. ఇందులో అందరూ మరిచిపోయేది లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి ఇంట్లో రైఫిల్ ఉండటం కూడా నేరమే అన్న సంగతి. కాబట్టి వేటకి వెళ్లినా వెళ్లకపోయినా ఏటా గడువు తీరకముందే కొత్తది తీసుకోండి. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. అక్కడ సొంతదారు అనుమతితో ప్రైవేటు భూమిలో అడవి పందుల్ని కాల్చడానికి 2019 నుంచి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. దాంతో చాలామంది లైసెన్సు లేకుండానే వారాంతం పందుల వేటకి వెళ్లిపోతున్నారు. రాష్ట్రానికి అక్కర్లేదు గానీ, వీసా మీద ఉన్నవాళ్లకి సమాఖ్య చట్టం నుంచి మినహాయింపు ఇచ్చేది ఆ లైసెన్సే. అది లేకుండా రైఫిల్ పట్టుకుంటే గ్రీన్ కార్డు దాకా దెబ్బ తగలొచ్చు. మీ కేసులో ఏదైనా అనుమానం ఉంటే కొనకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఇంటి దగ్గర నుంచి అడిగేవాళ్ల కోసం: ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. పైన రాసిందంతా అమెరికాలో ట్యాగు తీసుకుని చేసే వేటకి మాత్రమే.

ఇంకో జాగ్రత్త. సంక్రాంతికి ఇంటికి వెళ్లేటప్పుడు వేటకి వాడిన బ్యాక్‌ప్యాక్, జాకెట్ తీసుకెళ్లకండి. జిప్పు జేబులో, అడుగున కుట్టు మడతలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానింగ్‌లో కనిపించినా ఆయుధ చట్టం కింద కేసు అవుతుంది, పాస్‌పోర్టు, తిరుగు ప్రయాణం అన్నీ ఇరుకున పడతాయి. వేట సంచీ వేటకే ఉంచండి, ప్రయాణాలకి వేరేది కొనుక్కోండి.

.308 కొన్నాక మీ ట్యాగ్ యూనిట్ నంబరు, ఏ తూటా తీసుకున్నారో కింద రాయండి. ఆ కొండల్లో ఎల్క్ అక్టోబర్ ఆఖరికి ఏ ఎత్తులో ఉంటాయో, మంచు పడితే ఎటు దిగుతాయో విడిగా చెప్తాను.